‘ఎప్పుడు పట్టుకొచ్చారు?’ అని అడగండి: రెండు తెలుగు రాష్ట్రాల మేజిస్ట్రేట్లకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని జ్యుడీషియల్ మేజిస్ట్రేట్లందరికీ నమస్కారాలతో,

సాయంత్రం ఐదున్నర అవుతుంది. బెంచి క్లర్కు కేసు కట్టలు సర్దుకుంటూ ఉంటాడు. అప్పుడు బయట జీపు ఆగిన చప్పుడు. ఇద్దరు కానిస్టేబుళ్లు, వాళ్ల మధ్య ఓ మనిషి. చెప్పులు గుమ్మం బయటే విడిచి, చేతులు కట్టుకుని మీ ముందు నిలబడతాడు. రిమాండ్ రిపోర్టు మీ బల్ల మీదికి వస్తుంది. మీరు చదువుతారు, రెండు మాటలు అడుగుతారు, సంతకం పెడతారు. పద్నాలుగు రోజులు. అంతా కలిపి ఐదు నిమిషాలు పట్టదు. ఆదివారమైతే ఇదంతా మీ ఇంటి వసారాలోనే అయిపోతుంది.

ఆ ఐదు నిమిషాల గురించే ఈ లేఖ.

నేను లీగల్ ఎయిడ్ ప్యానెల్ న్యాయవాదిని, అంటే లాయరును పెట్టుకోలేని పేద ముద్దాయిల తరఫున ప్రభుత్వ ఖర్చుతో నిలబడేదాన్ని. పద్నాలుగేళ్లుగా ఆ ఐదు నిమిషాల్లో ముద్దాయి పక్కన నిలబడుతున్నాను. మీలో చాలామంది వయసులో నాకంటే చిన్నవాళ్లు. మీ పనిభారం నాకు తెలుసు. ఆ గదిలో నేను చేసిన తప్పు ఒకటుంది. ముందు అది చెబితేనే మిగతాది మాట్లాడే అర్హత నాకు వస్తుంది.

వృత్తిలోకి వచ్చిన రెండో ఏడు. సెంట్రింగ్ పనికి వెళ్లే ఒక కుర్రాణ్ణి ఇనుప సామాను దొంగతనం కేసులో తెచ్చారు. ఆ పూట ప్యానెల్ డ్యూటీ నాది. లోపలికి వెళ్లబోతుంటే మెట్ల దగ్గర వాళ్ల నాన్న ఎదురొచ్చాడు. ‘ఆదివారం సంతలో ఉంటే పట్టుకుపోయారమ్మా. అప్పట్నుంచీ స్టేషన్ గేటు దగ్గరే కూచున్నా. పిల్లోణ్ణి చూడనియ్యలేదు’ అన్నాడు. ఆ రోజు గురువారం. రిమాండ్ రిపోర్టులో మాత్రం ఆ ఉదయం ఎనిమిది గంటలకు బస్టాండు దగ్గర అనుమానాస్పదంగా తిరుగుతుండగా పట్టుకున్నట్టు ఉంది.

కుర్రాడు సరిగ్గా నిలబడలేకపోతున్నాడు. బరువంతా ఒక కాలి మీద వేసి, రెండో మడమ నేలకు ఆనకుండా చూసుకుంటున్నాడు. మేజిస్ట్రేటుగారు కాగితం మీంచి తల ఎత్తకుండానే ‘పోలీసులు కొట్టారా?’ అన్నారు. వాడు పక్కనున్న కానిస్టేబుల్ మొహం చూశాడు. ‘లేదు సార్’ అన్నాడు. ఆర్డరులో ఎప్పుడూ పడే వాక్యమే పడింది: పోలీసుల మీద ఫిర్యాదు లేదని ముద్దాయి చెప్పాడు. నేను నోరు విప్పలేదు. ఆదివారం అన్న మాట నా చెవిలోనే ఉంది. ఆ మడమ నా కళ్లెదుటే ఉంది. కొత్తదాన్ని, రోజూ అదే కోర్టులో ఆ పోలీసుల మధ్యే తిరగాలి, అందుకని ఊరుకున్నాను. మూడేళ్ల తర్వాత ఆ కేసు కొట్టేశారు. పంచనామా మీద సంతకాలు చేసిన ఇద్దరూ తెల్లకాగితం మీద పెట్టించుకున్నారని సాక్ష్యం చెప్పారు. ఆ మూడేళ్లూ వాడు ప్రతి వాయిదాకీ కాలు ఈడ్చుకుంటూనే వచ్చాడు.

మనవైపు ఒక మాట ఉంది, ‘అరెస్టు చూపించడం’. పత్రికలు రాస్తాయి, పోలీసులు అంటారు, మేం లాయర్లమూ అలవాటుగా అనేస్తాం: ‘ఇంకా అరెస్టు చూపించలేదు’. పట్టుకోవడం వేరు, చూపించడం వేరు అని అందరం ఒప్పేసుకున్నామన్నమాట. ఈ రెంటికీ మధ్య గడిచే రోజులకు కూడా పేరు పెట్టాం, ‘స్టేషన్‌లో కూచోబెట్టారు’ అని. రాజ్యాంగం 22వ అధికరణంలో ఈ కూచోబెట్టడం ఎక్కడా లేదు. అరెస్టయిన మనిషిని, ప్రయాణానికి పట్టే సమయం మినహాయించి, 24 గంటల్లోగా దగ్గర్లోని మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. ఒకప్పుడు సీఆర్పీసీ (పాత నేర విచారణ స్మృతి) 57వ సెక్షన్ చెప్పింది ఇదే. దాని స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 58వ సెక్షన్ చెప్పేదీ ఇదే. ఆ 24 గంటల లెక్క మనిషి స్వేచ్ఛ పోయిన ఘడియ నుంచి మొదలవుతుంది తప్ప, స్టేషన్ డైరీలో రాసుకున్న ఘడియ నుంచి కాదని తెలంగాణ హైకోర్టు కూడా తేల్చి చెప్పింది.

ఈ తేడా పట్టుకోగల మొదటి మనిషి మీరు. విచారణ మొదలయ్యేనాటికి ఏళ్లు గడిచిపోతాయి, దెబ్బలు మానిపోతాయి, ఎదురు చూసిన తండ్రి కూడా ఉండకపోవచ్చు. ఆ సాయంత్రం మాత్రం అన్నీ తాజాగా ఉంటాయి. 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ప్రతి పోలీస్ స్టేషన్‌లో గేటు దగ్గరా, లాకప్‌లోనూ, వరండాల్లోనూ సీసీ కెమెరాలు పెట్టాలని, ఆ రికార్డింగును ఏడాదికి తగ్గకుండా దాచాలని చెప్పింది. ‘ఆదివారం సాయంత్రం’ అని ముద్దాయి చెప్పిన వెంటనే, ఆదివారం నుంచి ఇవాళ్టి దాకా ఫుటేజీ భద్రపరచండని మీరు ఒక్క లైను రాస్తే చాలు. ఆ లైను వల్ల నిజం బయటపడుతుంది. పోలీసులు చెప్పిందే నిజమైతే వాళ్లకూ అదే రక్ష.

మెదక్ ఘటన మీకు గుర్తుండే ఉంటుంది. 2023 జనవరి చివర్లో గొలుసు దొంగతనం అనుమానంతో ఒక కూలీని హైదరాబాద్ నుంచి పట్టుకెళ్లారు. సీసీ కెమెరాలో కనబడిన మనిషి పోలికలున్నాయన్నదే అనుమానానికి మూలం. రోజుల తరబడి స్టేషన్‌లో ఉంచి కొట్టారని కుటుంబం చెప్పింది. ఫిబ్రవరిలో గాంధీ ఆస్పత్రిలో చనిపోయాడు. హైకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. ఆ కుటుంబానికి కావలసింది మనిషి పోయాక దొరికే విచారణ కాదు. మొదటి 24 గంటలు దాటకముందే ఎవరో ఒకరు అతని మొహంలోకి చూసి ‘ఎప్పుడు తెచ్చారు నిన్ను?’ అని అడిగి ఉండాల్సింది.

మీరు అడగకపోతే ఏమవుతుందో ఈ దేశం ఒకసారి చూసింది. బీహార్‌లోని భాగల్పూర్‌లో పోలీసులు ముప్పైమందికి పైగా విచారణ ఖైదీల కళ్లు పొడిచి యాసిడ్ పోశారు. 1980లో అది బయటపడింది. ఆ ఖైదీలను రిమాండ్ కోసం మేజిస్ట్రేట్ల ముందు నిలబెట్టారు, ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ. కళ్లకు ఆ గాయాలు ఎలా తగిలాయని మేజిస్ట్రేట్లు అడిగినట్టు లేదని 1981లో సుప్రీంకోర్టు బాధతో నమోదు చేసింది. కళ్లు పోయిన మనిషి ఎదురుగా నిలబడితే, తల ఎత్తి చూడని స్థితి అది. ఆ తీర్పులోనే, పేద ముద్దాయికి ప్రభుత్వ ఖర్చుతో న్యాయవాది విచారణ నాటికి కాదు, మొదటిసారి మేజిస్ట్రేటు ముందుకు వచ్చిననాడే దొరకాలని, ఆ హక్కు ఉందని చెప్పాల్సిన బాధ్యత మేజిస్ట్రేటుదేనని కోర్టు చెప్పింది. 1983లో షీలా బర్సే కేసులో ఇంకో మెట్టు ఎక్కింది: నిన్ను హింసించారా అని మేజిస్ట్రేటు తానే అడగాలి, వైద్య పరీక్ష కోరే హక్కు ఉందని తానే చెప్పాలి. అంటే ఆ ప్రశ్న నలభై ఏళ్లుగా మీ విధి.

కానీ ఎలా అడుగుతున్నామన్నది ముఖ్యం. రాత్రికి మళ్లీ ఎవరి జీపులో ఎక్కాలో, ఆ మనిషిని పక్కన నిలబెట్టి ‘కొట్టారా?’ అంటే ఏ ముద్దాయీ అవునని చెప్పడు. పోలీసులను వరండా చివరిదాకా పంపించండి. ముద్దాయిని కూర్చోబెట్టండి. ‘కొట్టారా’ కంటే ముందు ‘ఎప్పుడు తెచ్చారు, నిన్న రాత్రి ఎక్కడ పడుకున్నావు, ఏం తిన్నావు, మీ ఇంట్లో ఎవరికి తెలుసు’ అని అడగండి. ఈ ప్రశ్నలకు అబద్ధం చెప్పడం కష్టం, నిజం చెప్పడం తేలిక. ‘నిన్న స్టేషన్‌లో పడుకున్నా’ అన్నాడంటే ఇవాళ ఉదయం బస్టాండు దగ్గర దొరికాడన్న కథ అక్కడే తెగిపోతుంది. తర్వాత అరికాళ్లు చూపించమనండి, చొక్కా విప్పమనండి. చెప్పింది చెప్పినట్టు, వాడి మాటల్లోనే రాయించండి. ‘ఫిర్యాదు లేదు’ అన్న ముద్ర లాంటి వాక్యం దయచేసి మానేయండి.

ఇక భాష. అరెస్టుకు కారణాలు ముద్దాయికి రాతపూర్వకంగా ఇవ్వాలని మొదట 2023లో మనీలాండరింగ్ కేసుల్లో, 2024లో ఉపా (చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం) కేసుల్లో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 ఫిబ్రవరిలో విహాన్ కుమార్ కేసులో, 22వ అధికరణం పాటించారో లేదో చూడడం రిమాండ్ ఇచ్చే మేజిస్ట్రేటు బాధ్యతేనని స్పష్టం చేసింది. అదే ఏడాది నవంబరులో, కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలన్న నియమాన్ని అన్ని నేరాలకూ వర్తింపజేసింది. కారణాలు ముద్దాయికి అర్థమయ్యే భాషలో, కాగితం మీద, రిమాండ్‌కు కనీసం రెండు గంటల ముందు అతని చేతికి అందాలి. మన నేల మీద ఈ ‘అర్థమయ్యే భాష’ ఎంత పెద్ద మాటో ఆలోచించండి. శేషాచలం అడవుల్లో ఎర్రచందనం కేసుల్లో దొరికే జవ్వాది కొండల కూలీలకు తమిళం తప్ప మరోటి రాదు. గంజాయి కేసుల్లో అల్లూరి జిల్లా కోర్టుల దాకా వచ్చే ఒడిశా కుర్రాళ్లకు తెలుగు అంతంతమాత్రం. భద్రాచలం వైపు గుత్తికోయలు ఉన్నారు, పాతబస్తీలో ఉర్దూ తప్ప చదవలేని ఆడవాళ్లు ఉన్నారు. వీళ్లందరికీ మనం ఇస్తున్న కాగితాల్లో సగం ఇంగ్లీషులోనే ఉంటోంది. ఇంగ్లీషు కాగితం మీద వేలిముద్ర వేయించి ‘కారణాలు తెలియజేశాం’ అని రాసుకుంటే, తెలిసింది ఎవరికి? అచ్చ తెలుగువాడికైనా అంతే. ‘అండర్ సెక్షన్ ఫలానా’ అని చదివి వినిపిస్తే వాడు తలాడిస్తాడు. ‘నిన్నెందుకు పట్టుకొచ్చారో నీ మాటల్లో చెప్పు’ అంటే తెల్లమొహం వేస్తాడు.

ఇదంతా జరిగేది కాదని మీలో ఎవరైనా అనుకుంటే ఒకటి గుర్తుచేస్తాను. 2021 మే నెలలో ఒక పార్లమెంటు సభ్యుణ్ణి అరెస్టు చేసి గుంటూరులో మేజిస్ట్రేటు ముందుకు తెచ్చారు. తనను కస్టడీలో కొట్టారని ఆయన ఆరోపించారు, కాళ్లు చూపించారు. మేజిస్ట్రేటు విన్నారు, నమోదు చేశారు, వైద్య పరీక్షకు ఆదేశించారు. విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లి, సికింద్రాబాద్ ఆర్మీ ఆస్పత్రిలో పరీక్ష జరిగింది. రాజకీయాల్లో ఎవరు ఎటువైపు ఉన్నా, ఆ రోజు ఆ న్యాయస్థానంలో జరగాల్సిందే జరిగింది. చట్టం ఉంది, పద్ధతి ఉంది, అది పనిచేస్తుంది కూడా. ఎంపీ పాదాలు చూసిన చట్టమే సెంట్రింగ్ కూలీ మడమ కూడా చూడాలని నేను అడుగుతున్నాను.

అరెస్టు అసలు అవసరమా అన్నది ఇంకో సంగతి. ఏడేళ్ల దాకా శిక్ష పడే నేరాల్లో అరెస్టు ఎందుకు చేయాల్సి వచ్చిందో పోలీసులు కారణాలు రాయాలి, లేకపోతే నాగరిక్ సురక్షా సంహిత 35వ సెక్షన్ కింద నోటీసు ఇచ్చి పిలవాలి. 2014లో సుప్రీంకోర్టు అర్నేష్ కుమార్ తీర్పు ఈ మాట చెబుతూ, కారణాలు నమోదు చేయకుండా యాంత్రికంగా రిమాండ్‌కు పంపే మేజిస్ట్రేట్ల మీద హైకోర్టు శాఖాపరమైన చర్య తీసుకోవాలని కూడా చెప్పింది. పదేళ్లు దాటినా ఇప్పటికీ అరెస్టు కారణాలు చూపే పోలీసుల చెక్‌లిస్టు ఒకే ముసాయిదాలో, పేర్లు మాత్రం మార్చి వస్తోంది. ‘సాక్షులను బెదిరించే అవకాశం ఉంది’ అని ఉంటుంది, ఏ సాక్షినో ఉండదు. అది చదివి రిమాండ్ తిరస్కరించిన మేజిస్ట్రేట్లను నేను చూశాను. ఆ మరుసటి వారం ఆ స్టేషన్ నుంచి వచ్చే కాగితాల తీరే మారిపోతుంది.

షాద్‌నగర్ గురించి రాయకుండా ఉండలేను, రాయడం కష్టమే అయినా. 2019 నవంబరులో ఒక పశువైద్యురాలి మీద జరిగిన ఘోరం తలుచుకుంటే ఇప్పటికీ గుండె తరుక్కుపోతుంది. ఆ కోపంలో నేనూ ఉన్నాను. నిందితులు నలుగురికీ స్టేషన్‌లోనే ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు (మీలా న్యాయాధికారి కాదు, రెవెన్యూ అధికారి) చేత రిమాండ్ అయింది. బయట వేలమంది జనం. ఆ తర్వాత కోర్టు పోలీసు కస్టడీకి ఇచ్చింది, ఆ కస్టడీలో ఉండగానే డిసెంబరు 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి దగ్గర నలుగురూ కాల్పుల్లో చనిపోయారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ పోలీసుల కథనాన్ని నమ్మలేదు. కావాలనే కాల్చారని తేల్చింది, పదిమంది పోలీసుల మీద హత్యానేరం కింద విచారణ జరపాలంది. ఆ నివేదికలో నన్ను నిద్రపోనివ్వని సంగతి ఇంకొకటి. మేజర్లుగా చూపిన నలుగురిలో ముగ్గురు చనిపోయేనాటికి మైనర్లేనని కమిషన్ నిర్ధారించింది. ఆ రిమాండ్ రోజున ‘నీ వయసెంత, బడి సర్టిఫికెట్ ఎక్కడుంది’ అని ఎవరైనా గట్టిగా పట్టుబట్టి ఉంటే, ఆ ముగ్గురూ వెళ్లాల్సింది మైనర్ల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకు. దోషులో కాదో అక్కడ తేలేది, చట్టప్రకారం తేలేది.

బాధితుల మాటేమిటని మీ కోర్టు బయట ప్రతి ఒక్కరూ అడుగుతారు. న్యాయంగా అడుగుతారు. దానికి నా దగ్గరున్న జవాబు విజయవాడ పక్కనే, ఇబ్రహీంపట్నంలో ఉంది. 2007 డిసెంబరులో అక్కడి హాస్టల్లో ఒక విద్యార్థినిని చంపేశారు. మరుసటి ఏడు ఒక యువకుణ్ణి పట్టుకొచ్చి ఇతనే హంతకుడన్నారు. ఇతను కాదని ఆ అమ్మాయి తల్లిదండ్రులే చెబుతూ వచ్చారు. కింది కోర్టు శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు నిర్దోషి అని విడుదల చేసి, లక్ష రూపాయలు పరిహారం ఇమ్మంది. అప్పటికి ఎనిమిదేళ్లకు పైగా జైల్లో ఉన్నాడు. తర్వాత కేసు సీబీఐకి వెళ్లింది. పూడ్చిన పన్నెండేళ్లకు ఆ పిల్ల అవశేషాలను మళ్లీ బయటికి తీయాల్సి వచ్చింది. తప్పు మనిషిని పట్టుకున్న నాడే అసలు మనిషిని వదిలేసినట్టు. ముద్దాయి హక్కులు కాపాడడం ఆ తల్లికి వ్యతిరేకమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అందరికంటే ఎక్కువ నష్టపోయింది ఆ తల్లే.

రిమాండ్ అయ్యాక కూడా తాళం మీ చేతుల్లోనే ఉంటుంది. జాతీయ నేర రికార్డుల బ్యూరో 2022 లెక్కల్లో దేశం మొత్తం జైళ్లలో ఉన్నవాళ్లు 5,73,220 మంది. అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలు, అంటే నూటికి 75 మందికి పైగా ఇంకా నేరం రుజువు కానివాళ్లు. వీళ్లలో బెయిలు వచ్చినా బయటపడలేనివాళ్లు ఉంటారు. ఇద్దరు జామీనుదార్లు, ఇంటి పన్ను రసీదులు, పట్టాదారు పాసుపుస్తకం అంటే అడ్డామీద కూలీకి ఎక్కడివి? 1978లో మోతీరామ్ అనే తాపీమేస్త్రీకి మేజిస్ట్రేటు పదివేల పూచీకత్తు అడిగి, జామీనుదారు తన జిల్లావాడే కావాలంటే, సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ దాన్ని వెయ్యికి తగ్గించి, దక్షిణాది నుంచి వెళ్లినవాడు ఉత్తరాదిలో అరెస్టయితే అక్కడ ఆస్తిపరుణ్ణి ఎక్కడ వెతుక్కుంటాడని నిలదీశారు. బెయిలిచ్చిన నెలకూ పూచీకత్తు పెట్టుకోలేకపోతే కోర్టు తానే షరతులు సడలించే సంగతి చూడొచ్చని 2023 జనవరిలో సుప్రీంకోర్టు దారి చూపింది. నెలకోసారి సబ్ జైలు జాబితా తెప్పించుకుని చూడండి. మీరు బెయిలిచ్చి మరిచిపోయిన పేర్లు అందులో ఉంటాయి.

ఈ లేఖ చదివే మామూలు జనానికి కూడా ఓ మాట. మీవాళ్లను పట్టుకెళ్తే, ఎక్కడ ఉంచారో మీకు చెప్పడం పోలీసుల బాధ్యత, నాగరిక్ సురక్షా సంహిత 48వ సెక్షన్ ప్రకారం. చెప్పకపోతే 15100కు ఫోన్ చేయండి, అది న్యాయ సేవాధికార సంస్థ నంబరు, డబ్బు అక్కర్లేదు. పట్టుకుపోయిన రోజు, గంట, చూసినవాళ్ల పేర్లు ఆ రోజే కాగితం మీద రాసిపెట్టుకోండి.

మేజిస్ట్రేటుగారూ, రేపు సాయంత్రం ప్యానెల్ డ్యూటీ మళ్లీ నాదే. ఎవరిని తెస్తారో తెలియదు. లోపలికి రాకముందు మెట్ల దగ్గర ముద్దాయి తాలూకు మనుషులెవరైనా ఉంటే, ఏ రోజు ఏ వేళకు పట్టుకుపోయారో కనుక్కుని ఒక మెమో రాసి తెస్తాను. దాన్ని తీసుకుని రికార్డులో పెట్టమని బెంచి క్లర్కుకు చెప్పండి. పోలీసులను కాసేపు బయట ఉండమనండి. తర్వాత మీరు అడగండి, నేను పక్కనే ఉంటాను.

ఇట్లు,
లీగల్ ఎయిడ్ ప్యానెల్ న్యాయవాది ఒకరు